బీరపీచు చుట్టరికం

(హోసూరు ప్రాంతపు తెలుగువారి కూడికలో చేసిన ప్రసంగపాఠం)



నన్ను పిలిచినవారు హక్కులను గురించో చట్టాలను గురించో మాట్లాడతానని అనుకొని ఉంటారు. వాటిని నాకంటె బాగా విప్పి చెప్పగలవారు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను ముప్పైరెండేళ్ళు పల్లెబడిలో అక్షరాలు దిద్దించినవాణ్ణి. నాకు తెలిసిన బోధన ఒక్కటే. వస్తువును పిల్లవాడి చేతికిచ్చి దాని పేరేమిటని అడగడం. ఈ పూట మీ ముందు కూడా అదే చేస్తాను. ఇదిగో, సంచిలోనుంచి తీస్తున్నాను. దీని పేరేమిటి?

వెనుక కూర్చున్న అవ్వ "బీరపీచు" అన్నది. ముందున్న పాప "లూఫా" అన్నది. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. వాళ్ళిద్దరూ ఒకే ఇంటివాళ్ళని పక్కనున్నవారు చెబుతున్నారు. సరే, ఇంకా మంచిది. ఆ అవ్వ నోటి పేరు ఆ పాప దాకా ఎందుకు రాలేదన్నదే నేను చెప్పదలచిన మాట.

మా ఊరు హోసూరుకు ఆవల, బేరికై పోయే దారిలో ఉన్నది. నేను పుట్టినప్పుడు అది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. ఊరు మాత్రం అంగుళం కదలలేదు. ఇంటి వెనుక కంచెమీద బీరతీగ పాకడమూ మానలేదు. నా మనుమరాలు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నది. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకొక కానుక తెచ్చింది. తళతళలాడే కాగితపు పెట్టె, లోపల పట్టుదారంతో కట్టిన పీచుముక్క. "తాతా, వీపు రుద్దుకోవడానికి. సముద్రంలోనుంచి తీస్తారట" అన్నది. పెట్టెమీద వెల రెండువందల నలభై రూపాయలు. పేరు ఇంగ్లీషులో ఉన్నది.

నేను నవ్వలేదు. పిల్ల ప్రేమతో తెచ్చింది. చేయి పట్టుకొని ఇంటి వెనుకకు తీసుకుపోయాను. తీగ ఎండిపోయి ఉన్నది. దానికి నాలుగు నేతిబీర కాయలు తుప్పురంగుకు తిరిగి వేలాడుతున్నాయి. ఒకదాన్ని తెంపి ఊపి చూపితే లోపల గింజలు గలగలమన్నాయి. తొక్క ఒలిచి చేతిలో పెట్టాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బీరకాయా? మనం పప్పులో వేసుకొనే బీరకాయా?" అన్నది. ఆ బిడ్డ పుట్టినప్పటినుంచి బీరకాయ తింటున్నది, పీచుతో రుద్దుకొంటున్నది. ఆ రెండూ ఒకే కుదురువని తెలియదు. తప్పు ఆమెది కాదు. చెప్పవలసిన మేము ఆమెకు బస్సు వేళలు చెప్పాము, పరీక్షల తేదీలు చెప్పాము, ఇది చెప్పలేదు.

సముద్రంలో పుట్టే స్పాంజి వేరు. అది ప్రాణి. రాతికి అంటుకొని బతికే జంతువు. దాని మెత్తని ఎముకలగూడే ఆ స్పాంజి. మన చేతిలోనిది కాయ. రెండింటికీ చుట్టరికం లేదు.

చుట్టరికం అన్నాను గనుక ఆ కథ కూడా చెబుతాను. ఆ పండుగ గడిచిన కొన్ని నెలలకు పలమనేరు వైపు ఒక పెళ్ళికి పోయాము. మా అవ్వ పుట్టిల్లు అటువైపు. పందిట్లో పెళ్ళివారి పెద్ద ఒకాయన మమ్మల్ని చూసి, వీళ్ళు ఎవరని అడిగాడు. పక్కనున్నవాడు, "హోసూరు వాళ్ళులే మామా, ఏదో బీరపీచు చుట్టరికం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మర్యాదకు. తిరుగు ప్రయాణంలో మనుమరాలు అడిగింది, "తాతా, ఆయన మనల్ని లూఫా అన్నాడేమిటి?" అని.

నిజం చెబుతున్నాను, ఆ మాట అన్నందుకు నాకు కొంచెం బాధ కలిగింది. కానీ ఆ మాట ఈ పిల్లకు అర్థం కాలేదే అన్న బాధ దానికంటె పెద్దది. తిట్టినా పొగిడినా అది మన పలుకుబడి. తిట్టు తెలియనివాడికి అందులోని ఎత్తిపొడుపు తగలదు, నిజమే. దానికి బదులు చెప్పడం కూడా రాదు.

బీరపీచు చుట్టరికం అని ఎందుకన్నారో ఈ పీచును చూస్తేనే తెలుస్తుంది. దగ్గరగా చూడండి. ఏ నార ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెప్పలేము. ఒకటి ఇంకొకదానిలో కలిసి, అది మరొకదానితో పెనవేసుకొని పోతుంది. మేనత్త తోడికోడలి అన్నకు వియ్యంకుడు అన్నట్టు తీసుకుంటూపోతే దొరికే బంధుత్వానికి ఇంతకంటె తగిన పోలిక లేదు. మన పూర్వులు వంటింట్లోనూ స్నానాల గదిలోనూ కళ్ళు తెరుచుకొని ఉన్నారు.

కాయ లేతగా ఉన్నప్పుడు ఈ నారలు కంటికి కనబడవు. తీగనుంచి నీటినీ ఆహారాన్నీ కాయలోపలికి మోసుకొని పోయే నాళాల కట్టలే ఇవి. కాయ ముదిరేకొద్దీ గట్టిపడతాయి. గుజ్జు ఎండిపోతుంది, నాళాల వల మిగులుతుంది. వెలుపలి పొరలో నారలు కాయ చుట్టూ పట్టీ కట్టినట్టు అడ్డంగా తిరుగుతాయి. లోపలి పొరలో నిలువుగా సాగుతాయి. అందువల్లనే ఏ వైపు నొక్కినా అణిగి, వదలగానే లేస్తుంది. అడ్డంగా కోస్తే మూడు బొక్కలు కనబడతాయి. గింజలుండే గదులు అవి. పువ్వు రాలిన కొసన చిన్న మూత ఉంటుంది. ఎండిన కాయలో ఆ మూత ఊడి గింజలు రాలుతాయి. బాబూ, నీవు ఇటు రా. ఈ ముక్కను పట్టుకొని లాగు. తెగలేదా? రెండు చేతులతో లాగు. ఊ, సరే, కూర్చో.

ఇక పేరు. హోసూరు సంతలో కూరగాయలమ్మే ఆమెను గమనించండి. వచ్చినవారి ముఖం చూసి "బీరకాయ" అంటుంది, "హీరేకాయి" అంటుంది, "పీర్కంగాయ్" అంటుంది. తక్కెడ మారదు, ధర మారదు. కన్నడం, తెలుగు, తమిళం మూడింటిలోనూ ఉన్నది ఒకే మాట. కన్నడంలో మొదటి పకారం నడిమి కాలంలో హకారమైంది. పాలు హాలయినట్టు, పులి హులి అయినట్టు, పూవు హూవయినట్టు, పీరె హీరె అయింది. తెలుగులో అదే మాట బకారంతో నిలిచింది. మలయాళంలో దీన్ని పీచింగ అంటారు. వినగానే మన పీచు గుర్తుకు వస్తుంది. అయితే చెవికి దగ్గరగా వినబడినంత మాత్రాన మాటలకు చుట్టరికం కలపరాదు. బీరాలు పలకడంలోని బీరానికీ ఈ బీరకూ ఏ సంబంధమూ లేదు. అది వీరం నుంచి వచ్చింది.

ఎవరిది ఎవరినుంచి వచ్చిందన్న వాదం మా ఊరి టీ అంగట్లో అప్పుడప్పుడు జరుగుతుంది. నేను అందులో చేరను. తమిళులకు ఈ పేరు ఎంత పాతదో చెప్పడానికి మనం జంకవలసిన పని లేదు. సంగం కాలపు కురుంతొగైలోనే వానకాలంలో పూచే పీరం పువ్వు ఉన్నది. ఎడబాటుతో పాలిపోయిన నాయిక నుదుటి రంగుకు దాన్ని పోలిక చేశారు. పొరుగువాడి ఇంట పాత నగ ఉన్నదంటే మన నగ గిల్టుదైపోదు. ఒకే తల్లి మాటను పంచుకొన్న అక్కచెల్లెళ్ళు ఇవి.

ఎల్లలు దాటితే పేర్లు మారతాయి. పర్లాకిమిడి, బరంపురం వైపునుంచి వచ్చినవారు ఇక్కడ ఉన్నారు. వారి చుట్టుపక్కల ఒడియావారు చారల బీరను జహ్ని అంటారు. ఆశ్వయుజంలో పెళ్ళికాని ఆడపిల్లలు జహ్ని పూలతో తులసమ్మను కొలిచే నోము ఒకటి ఉన్నది. జహ్ని ఓషా అంటారు. ఆ పూజ సాయంకాలం చేస్తారు. చారల బీర పువ్వు విచ్చేదే పొద్దు వాలినాక. లేత పసుపు రంగుతో మసక వెలుతురులో మెరుస్తుంది. నేతిబీర అట్లా కాదు. దాని పువ్వు ముదురు పసుపు, తెల్లవారుజామున విచ్చుకొంటుంది. మా అవ్వకు గడియారం లేదు. "బీరపూలు విచ్చినాయి, దీపం పెట్టండ్రా" అనేది. మబ్బు పట్టి పొద్దు కనబడని రోజుల్లో కూడా ఆ లెక్క తప్పేది కాదు.

షోలాపురం పద్మశాలి మిత్రుల ఊళ్ళో చారల బీర దోడకా, నేతిబీర ఘోసాళే. మరాఠీలో రెండింటికీ రెండు వేరు పేర్లు. తెలుగులో ఇంటిపేరు ఒకటే, ముందు ఒక విశేషణం చేరుస్తాము. బీర, నేతిబీర, చేదుబీర. మొక్కల శాస్త్రజ్ఞులు పెట్టే పేర్ల పద్ధతి కూడా ఇదే. ముందొక జాతిపేరు, దానికి ఒక విశేషణం. మన రైతులు లాటిన్ చదవకుండానే ఆ పని చేశారు.

శాస్త్రజ్ఞుల పేర్లు ఎన్ని మారాయో వినండి. 1753లో లిన్నేయస్ చారల బీరను దోసజాతిలో చేర్చి కుకుమిస్ అక్యుటాంగ్యులస్ అన్నాడు. పదునైన అంచులున్నదని ఆ మాటకు అర్థం. నేతిబీరను కాకర జాతిలో చేర్చాడు. 1754లో ఇంగ్లండు తోటమాలి ఫిలిప్ మిల్లర్ లఫ్ఫా అనే జాతిపేరును వాడుకలోకి తెచ్చాడు. 1768లో నేతిబీరకు లఫ్ఫా ఈజిప్టియాకా అని పేరు పెట్టాడు. 1846లో రోమర్ అనే ఆయన దాన్నే లఫ్ఫా సిలిండ్రికా అన్నాడు. ఆ రెండు పేర్లూ నేటికీ పుస్తకాల్లో కనబడతాయి. మా ఊరి జిల్లా పేరు మారినట్టే.

లఫ్ఫా అన్నది అరబ్బీ మాట, లూఫ్ నుంచి వచ్చింది. ఐరోపావారు ఈ తీగను ఈజిప్టు తోటల్లో చూశారు. ఆ దేశపు పేరే దానికి అంటగట్టారు. పుట్టిల్లు మాత్రం ఆసియా. మన దేశపు తోటల్లో ఇది ఎన్ని శతాబ్దాలుగా పాకుతున్నదో చెప్పడానికి సంస్కృతంలోని కోశాతకి, ధామార్గవం మొదలైన పేర్లే చాలు. చూసినచోటును బట్టి పేరు పెట్టడం లోకరీతి. హోసూరులో కనబడితే తమిళుడనుకొంటారు, బళ్ళారిలో కనబడితే కన్నడిగుడనుకొంటారు. కోపం తెచ్చుకోవడం ఎందుకు, చెబితే సరిపోతుంది.

తెలుగు పేరును చెవిపెట్టి విన్న తెల్లవాడు కూడా ఒకడున్నాడు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్నాడు. యానాం నుంచి వచ్చిన అన్నలకు సామర్లకోట ఎంతో దూరం కాదు. అక్కడ తోట వేసి, గోదావరి జిల్లాల మొక్కలను బొమ్మలు వేయించి, వివరాలు రాసుకొన్నాడు. కోరమండల తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి 1820 దాకా సంపుటాలుగా వెలువడింది. మొక్కను గురించి రాసేటప్పుడు ఆ ప్రాంతంవారు పిలిచే "తెలింగ" పేరును కూడా చేర్చడం ఆయన అలవాటు. చారల బీర నేటి శాస్త్రనామమైన లఫ్ఫా అక్యుటాంగ్యులా పక్కన ఉన్న పేరు ఆయనదే. నేతిబీర పువ్వులో అయిదు కేసరాలు ఉండడం చూసి, అయిదు కేసరాలదని అర్థం వచ్చే పేరు పెట్టాడు. చేదుబీరకు లఫ్ఫా అమరా అన్నాడు. లాటిన్‌లో అమరా అంటే చేదు. అమరత్వం అనుకొని ఎవరూ వండుకోకండి.

నేతిబీరలో నెయ్యి ఎక్కడున్నదని పిల్లలు అడుగుతారు. లేదు. చారలు లేని నున్నని తొక్క, వండితే వెన్నలా కరిగిపోయే గుజ్జు, వీటిని చూసి ఆ పేరు పెట్టారు. కన్నడంలో తుప్పద హీరేకాయి. తుప్ప అంటే నెయ్యే. హిందీవారి ఘియా తోరీలోనూ నెయ్యే ఉన్నది. తమిళులు మాత్రం నురైప్పీర్కు అన్నారు. నురుగుబీర. మనం తినేవాడి కంటితో చూశాము, వారు రుద్దుకొనేవాడి కంటితో చూశారు. "నేతి" అన్న మాటకు పండితులు ఇంకొక చమత్కారం చెబుతారు. న ఇతి, లేదు అని. పేరులోనే లేదని చెప్పినా జనం నెయ్యి వెదుకుతున్నారట. పేరు ఉండి సరుకు లేనిదానికి నేతిబీర నెయ్యి అని సామెత. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో అమ్మనుడిలో చదువుకొనే వసతి కల్పించాలంటున్నది. ఆ అధికరణం మాట వచ్చినప్పుడు మా తోటి ఉపాధ్యాయులు ఈ సామెతనే చెప్పేవారు. అంతకంటె ఇక్కడ చెప్పను. అది ఇంకొకరి వంతు.

నెయ్యి లేకపోయినా నేతిబీర రుచికి లోటు లేదు. కాల్చి, పచ్చిమిరపకాయలతో రోట్లో నూరిన పచ్చడి తిన్నవారికి తెలుసు. చారల బీరను పప్పులో వేస్తాము, పాలు పోసి కూర చేస్తాము, శనగపప్పుతో వండుతాము. చెక్కు తీసిన పొట్టును కూడా పారవేయము, వేయించి పచ్చడి చేస్తాము. కన్నడిగులూ తమిళులూ కూడా ఆ పొట్టును వదలరు. ముగ్గురిలో ఎవరి పచ్చడి మేలన్న విషయంలో నాకు పక్షపాతం ఉన్నది, అందుచేత తీర్పు చెప్పను.

చేదుబీర సంగతి మాత్రం వేరు. దాన్ని నవ్వులాటగా తీసుకోరాదు.

నాకు ఎనిమిది తొమ్మిదేళ్ళప్పుడు ఒకనాడు పప్పు చేదుగా వచ్చింది. కరువు రోజులు. మా నాయన, "కాకరకాయ తినడం లేదా, మింగండి" అన్నాడు. మా అవ్వ పరుగున వచ్చి కుండ ఎత్తుకొనిపోయి పెంటగుంటలో కుమ్మరించింది. "అది చేదుబీరరా, కూరకు కాదు" అన్నది. ఆ రాత్రి అందరమూ సంగటి ఉప్పుతో తిన్నాము. నాయన అప్పటికే రెండు ముద్దలు తిని ఉన్నాడు. తెల్లవారేదాకా వాంతులు చేసుకొన్నాడు. చరక సంహిత కల్పస్థానంలో వాంతి చేయించే మందులను వివరించే ఆరు అధ్యాయాలు ఉన్నాయి. అందులో చెప్పిన జీమూతకం, ధామార్గవం, కృతవేధనం మూడూ బీరజాతివేనని వైద్యులు గుర్తించారు. మా అవ్వ చరకుణ్ణి చదవలేదు. ఆమె చదువంతా ఆ పేరులోనే ఉన్నది.

ఈ చేదుకు కారణమైన పదార్థాలను కుకుర్బిటసిన్లు అంటారు. ఉడకబెట్టినంత మాత్రాన అవి పోవు. కాకరకాయ చేదు వేరు, అది ఆ కాయకు సహజం. బీరలో, సొరలో చేదు వచ్చిందంటే ఆ కాయ తినరాదని గుర్తు. చేదుబీర తీగ దగ్గరలో ఉంటే పుప్పొడి కలిసి, ఆ గింజలనుంచి మొలిచే తీగల కాయలకు చేదు రావచ్చు. అందుకే విత్తనానికి వదిలే కాయ విషయంలో మా అవ్వ జాగ్రత్తపడేది. కంచెలో దానంతట అది మొలిచిన తీగను నమ్మేది కాదు. ఏ కాయనైనా కొస కోసి నాలుక మీద పెట్టి చూసి, ఆ తరువాతనే కత్తిపీట ముందు కూర్చొనేది. పట్నంలో పెరిగిన నా కోడలు, చేదు ఆరోగ్యానికి మంచిదని ఎక్కడో విని, ఒకసారి అట్లాంటి కాయనే రసం తీసి తాగబోయింది. మా ఇంటిది చూసి గ్లాసు లాక్కొన్నది. "చేదుబీర" అన్న రెండు మాటలు ఆ అమ్మాయికి ఎవరైనా చెప్పి ఉంటే అంతదాకా వచ్చేది కాదు.

పీచు వాడుక మన పల్లెల్లోనే ఆగిపోలేదు. ఓడల యంత్రాల్లో నూనెను, నీటిని వడగట్టడానికి అమెరికా నౌకాదళం ఈ పీచునే వాడింది. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు దానికి సరఫరా జపాను నుంచి. చెప్పులలోపలి అట్టలుగా, సామాను పగలకుండా మెత్తలుగా కూడా వాడారు. జపానువారు దీన్ని హెచిమ అంటారు. ఆ పేరుకు వారొక కథ చెబుతారు. మొదట దీని పేరు ఇతొఉరి, నూలుదోస అని. అది అరిగి తొఉరి అయింది. వారి పాత అక్షరాల వరుసలో "తొ" అన్నది "హె"కూ "చి"కీ నడుమ వస్తుంది. నడుమను "మ" అంటారు. అందుచేత హెచిమ అయిందట. నిజమో కల్పనో అటుంచి, ఒక కాయ పేరుకోసం అక్షరమాలను తిరగవేసిన ఆ ప్రీతి నాకు నచ్చింది. తీగను కోసి కారే నీటిని వారు కఫానికి మందుగా వాడేవారు. మసఓక షికి అనే కవి క్షయతో 1902 సెప్టెంబరు 19న మరణించాడు. చివరి పద్యాల్లో ఈ తీగనీటిని తలచుకొన్నాడు. అందుచేత ఆయన వర్ధంతిని హెచిమ పేరుతోనే పిలుస్తారు.

పీచు తీసే విధం ఇక్కడి యువకులకు చెప్పి ముగిస్తాను. పీచుకు నేతిబీర మేలు. చారల బీరనుంచి కూడా వస్తుంది, అయితే అంచుల వల్ల ఒలవడం కష్టం. కాయను తీగమీదనే వదిలేయండి. తొక్క పసుపు తిరిగి గోధుమరంగయ్యేదాకా, బరువు పోయి గింజలు మోగేదాకా ఓపిక పట్టండి. తొందరపడి కోస్తే నార గట్టిపడదు, ఎక్కువ రోజులు వానలో వదిలితే నల్లబడుతుంది. కోసినాక కొన్ని రోజులు నీటిలో నానవేస్తే తొక్క సులువుగా వస్తుంది. కొసన మూత తీసి గింజలు దులపండి. జిగురంతా పోయేదాకా పిసికి కడిగి, ఎండలో ఆరవేయండి. అంతే. రెండువందల నలభై రూపాయలు మిగిలినట్టే.

వాడినాక తడితో స్నానాల గదిలో మూలకు పడవేయకండి. తడి పీచులో క్రిములు చేరతాయి. మా అవ్వ పీచును దడికి తగిలించేది, ఎండ తగలాలని. మెత్తబడి నార విరిగిపోతుంటే తీసి ఎరువుగుంటలో వేసేది. మట్టిలో కలిసిపోతుంది. ఇప్పుడు అంగళ్ళలో వలలాగా గుత్తిగా కట్టి అమ్మే రంగురంగుల ప్లాస్టిక్ పీచు ఆ పని చేయదు.

సంచిలో ఇంకా కొన్ని పొట్లాలు ఉన్నాయి. పోయేటప్పుడు ఇంటికి ఒకటి తీసుకోండి. ఒక్కొక్క దానిలో ఆరు గింజలు ఉన్నాయి. మొదటి వానలు పడినాక కంచె పక్కన నాటండి. పొట్లాలమీద పేరు రాయలేదు. ముందువరుస పిల్లలకు కాగితమూ కలమూ ఇస్తున్నాను, తెలుగులో వాళ్ళే రాసి అతికిస్తారు. పాపా, "లూఫా" అని రాసుకొన్నా నేనేమీ అనను, కింద అవ్వ చెప్పిన మాట కూడా రాయాలి. నల్లగా, నున్నగా, అంచున సన్నని రెక్క ఉన్నట్టున్న గింజలు నేతిబీరవి. గరుకుగా, గుంటలు పడినట్టు ఉన్నవి చారల బీరవి. కలిసిపోతే వేళ్ళతో తడిమి వేరుచేయవచ్చు. ఈ గింజలు నేను రుచి చూసి వదిలిన కాయలవే. అయినా మొదటి కాయను నాలుక మీద పెట్టి చూడకుండా వండకండి.

సెలవు.